వెనుక త్రిప్పి చూడుడు

ఊరుగాని ఊరిలో బట్టలు కొనువాని కన్ను బేరముమీద నుండును గాని బట్టమీద నుండదు. ఈ మాట ఇతరులను చూచి చెప్పుట లేదు. నా అనుభవమును బట్టి చెప్పుచున్నాను. ఈ వ్యాసమును కొంతవరకు నా తప్పిదమును ఒప్పుకొనుటకును, కొంతవరకు ఆ తప్పిదము నా యొక్కనిది కాదని నిరూపించుటకును వ్రాయుచున్నాను. వకీలు వృత్తిలో నున్నవారికి ఈ రెండవ అలవాటు సహజమేనని చదువరులు నవ్వినను నేను కోపింపను.

కొన్ని నెలల క్రిందట ఒక భూమి తగాదా విషయమై నల్లగొండనుండి పాలమూరు ప్రాంతమునకు పోవలసి వచ్చినది. కోర్టు పని మధ్యాహ్నమునకే ముగిసి, వాయిదా మూడు వారములకు పడినది. తిరుగు ప్రయాణమునకు ఇంకను పొద్దున్నది. ఇంటిలో మేనకోడలి పెండ్లి దగ్గరపడినది. నా భార్య వ్రాసి యిచ్చిన బట్టల పట్టిక జేబులో నుండనే యున్నది. కావున ఆ పట్టణపు బజారులో మూడు తరములుగా నడచుచున్న ఒక పెద్ద బట్టల దుకాణమునకు పోయితిని. ఆ పట్టణము పేరుగాని దుకాణము పేరుగాని ఇచట వ్రాయను. నేను చెప్పబోవు దోషము ఒక్క దుకాణముది కాదు. ఒక పేరు వ్రాసినచో మిగిలినవారందరు నిర్దోషులని చదువరులు తలపవచ్చును.

ఆ దుకాణము రెండంతస్తులది. క్రింద ఒకవైపు ధోవతులు, కండువాలు, తువ్వాళ్ళు. మరియొకవైపు అంగీల బట్టల తానులు. వెనుక భాగమున దుప్పట్లు, జంపఖానాలు, గొంగళ్ళు. కొయ్యమెట్లెక్కి పైకి పోయినచో చీరెలు, పట్టుబట్టలు, పిల్లల దుస్తులు. పెండ్లికి కావలసిన సమస్తమును ఒక్క కప్పుక్రింద దొరకును. చెప్పులు గడప బయట విడిచి, తెల్లని దుప్పటి పరచిన పరుపులమీద కొనువారును అమ్మువారును ఎదురెదురుగా కూర్చుందురు. గుమాస్తా తానును ఒక్క విసరున విప్పగా అది పరుపు చివరివరకు పరుగెత్తును. మొదట మంచినీళ్ళు, పిమ్మట తేనీరు వచ్చును. కొనుగోలు ముగిసిన పిదప చిన్న చీటీమీద లెక్క వ్రాసి యిత్తురు. దానిని గల్లా యొద్దకు కొనిపోయి సొమ్ము చెల్లించినగాని మూట చేతికి రాదు.

పాశ్చాత్యులు ‘డిపార్టుమెంటు స్టోరు’ అని గొప్పగా చెప్పుకొనునది ఇట్టిదే. పారిస్ నగరమున అరిస్టీడ్ బూసికో అను వర్తకుడు 1852లో ‘బాన్ మార్షే’ అను దుకాణమున భాగస్వామియై, ధరను వస్తువుమీదనే వ్రాసియుంచుట, నచ్చని సరకును తిరిగి తీసికొనుట అను నియమములతో లోకప్రఖ్యాతి గడించెను. మన హైదరాబాదులో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను అర్మేనియా జాతీయుడు పెట్టిన దుకాణము వలననే నేటి ఆబిడ్సు పేటకు ఆ పేరు వచ్చినది. ఆ నిజామునకు దుస్తులయందు గల ప్రీతి జగద్విదితము. పురానీ హవేలీలో ఆయన బట్టలకై కట్టించిన రెండంతస్తుల కొయ్య బీరువా చూచినవారు విస్మయపడక మానరు. 1890లో పాలమూరునకు మహబూబునగరమని పేరు మారినది ఆయన పేరుమీదనే. రాజధానిలోని అలమరలలో సీమసరకు మెరయుచుండిన ఆ కాలముననే, ఆయన పేరు తాల్చిన ఈ ప్రాంతమున గద్వాల మగ్గములు, నారాయణపేట మగ్గములు తమ పని తాము చేసికొనుచుండెను.

పాతకాలపు దుకాణములయందు నాకు మొదటినుండియు గౌరవము. నేటి అద్దాల మేడలలో అమ్ముటకు నిలిచిన పిల్లలకు ధర చీటీ చదువుట వచ్చును గాని బట్ట చదువుట రాదు. తప్పు వారిది కాదు; నేర్పినవారు లేరు. పాత దుకాణపు గుమాస్తా బట్ట అంచును రెండు వ్రేళ్ళ నడుమ నలిపి నూలు సన్నమో ముతకో, పట్టు కలిసినదో లేదో చెప్పగలడు. ఆ దినమున నా యెదుట కూర్చున్న వృద్ధు డట్టివాడే. గద్వాల చీరె చూపునప్పుడు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు అని చెప్పి, రెండును కలియు చోటును గోటితో గీసి చూపెను. నారాయణపేట చీరె చూపునప్పుడు గళ్ళను, అంచున గుడి శిఖరములవలె నిలిచిన నేతను చూపెను. ఆయన మాట వినుచు బట్ట కొనుట ఒక చదువు. నేను సంతోషముతో గద్వాల చీరె నొకటి, నారాయణపేట చీరెలు రెండు ఎన్నుకొంటిని.

పట్టికలో చివరి వస్తువు పోచంపల్లి చీరె. నల్లగొండవాడు పోచంపల్లి చీరెను పాలమూరులో కొనుట ఏటి గట్టున కాపురముండి పొరుగూరిలో నీళ్ళు కొనుట వంటిదని నాకు తోచకపోలేదు. అయినను పని ఒక్కచోటనే ముగియునను సోమరితనము గెలిచినది. వృద్ధుడు మరియొకరికి బట్ట చూపుటకు లేచిపోగా ఒక యువకుడు వచ్చి అయిదారు చీరెలు పరచెను. రంగులు కన్నులు చెదరునట్లున్నవి. ధర నేనెరిగినదానిలో మూడవ వంతునకు మించలేదు. ఇంత చౌక యేల యని సందేహింపవలసినవాడను, ఇంకను తగ్గింపుమని బేరమాడితిని. తగ్గించినారు. గెలిచితినను గర్వముతో మూట పట్టుకొని బస్సెక్కితిని.

తరువాతి ఆదివారము సహకార సంఘపు వ్యవహార మొకటి చూచుటకై పోచంపల్లికి పోయితిని. ఆ ఊరి నేతకుటుంబములతో నాకు చాల కాలపు పరిచయము. వారి బాకీల కాగితములు, సంఘపు అర్జీలు ఫీజు లేకుండ వ్రాసియిచ్చుట నా వ్రతము. పెండ్లి మూట కారులోనే యున్నది. ఒక యింటిలోని పెద్దమ్మకు నా కొనుగోలు చూపవలెనను వేడుక పుట్టి చీరె తీసి యిచ్చితిని. ఆమె దానిని వెలుతురునకు పట్టలేదు, కన్నద్దములు తెమ్మనలేదు. కొంగు చివర పట్టుకొని వెనుకకు త్రిప్పెను. ముందువైపు మండుచున్న ఎరుపు వెనుకవైపు వెలిసి, గీతలు అలుకుకొని, అక్కడక్కడ తెల్లని నూలు బయటపడుచుండెను. ఆమె చీరెను మరల మడత చెడకుండ మడిచి నా చేతిలో పెట్టి, “ఇది మాది కాదయ్యా, అచ్చు వేసినది,” అనెను. కొంచెము సేపాగి, “చేనేత దినమునాడు మీరు మంచిగ మాట్లాడినారు,” అనెను.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజముగనే మెచ్చుకొనెను. అందుచేతనే నాకు తల యెత్త వీలులేకపోయినది. 1905 ఆగస్టు 7వ తేదీన కలకత్తా టౌన్‌హాలులో విదేశవస్త్ర బహిష్కార తీర్మానము జరిగిన దినమును స్మరించి, 2015 నుండి దేశమంతటను ఆ తేదీని జాతీయ చేనేత దినముగ జరుపుచున్నారు. ఆ దినమున వేదికలెక్కి ఉపన్యసించు స్వచ్ఛంద సేవకులలో నేనొకడను. ఖద్దరు ధరించినవాడను, చట్టము చదివినవాడను, నేతవారి ముంగిళ్ళలో తేనీరు త్రాగినవాడను. నేనే చీరెను వెనుక త్రిప్పి చూడనైతినన్న, సంతకు వచ్చిన సామాన్యుని తప్పుపట్టుటకు నాకేమి హక్కు కలదు?

ఆమె మాటకు వెనుక నున్న శ్రమను చదువరులకు చెప్పుట అవసరము. పోచంపల్లి పనిలో బొమ్మ నేతకంటె ముందే పుట్టును. పోగులను కొయ్య చట్రమునకు బిగించి, లెక్క ప్రకారము గుర్తులు పెట్టి, రంగు అంటరాని చోట్లనెల్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టుదురు. పాత సైకిలు ట్యూబులను సన్నగా కోసి ఈ పనికి వాడుదురు. రంగులో ముంచి ఆరవేసి, కొన్ని కట్లు విప్పి మరికొన్ని కట్టి, రెండవ రంగులో ముంచుదురు. ఇట్లు ఎన్ని రంగులో అన్ని మారులు. తుదకు మగ్గముమీద ఆ పోగులు తమ తమ స్థానములకు వచ్చినప్పుడే బొమ్మ తేలును. పడుగును పేకను రెంటిని ఇట్లే కట్టి అద్దినచో ఒక్క పోగు జరిగినను చిలుక ముక్కు దాని కంటిమీదికి పోవును. రంగు నూలులోపలికే దిగినది గావున బట్టకు రెండు ముఖములును ఒక్కటే. గీతల అంచులు కొంచెము చెదరినట్లుండుట లోపము కాదు. అది చేతి సాక్ష్యము. కోర్టులో సాక్షి మరీ చక్కగా అప్పగించినచో మేము అనుమానింతుము. చీరె విషయమునను అట్లే అనుమానింపవలెను.

ఇక పేకనూలును సిద్ధము చేయు ఆసుపని స్త్రీల పాలిటిది. ఒక చీరెకు సుమారు 9,000 మారులు చేయిని ఆ కొననుండి ఈ కొనకు ఆడింపవలెను. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము తన తల్లి భుజముల నొప్పి చూడలేక, పెద్ద చదువులు లేకున్నను ఏండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసుయంత్రమును నిర్మించి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. పుట్టపాకలో ఆముదపు కాయల బూడిదతోను నూనెతోను నూలును పదను చేసి తేలియా రుమాలు నేయు విద్య నేటికిని నిలిచియున్నది. ఆ గ్రామమునకు చెందిన గజం గోవర్ధనకు 2011లోను, గజం అంజయ్యకు 2013లోను పద్మశ్రీ ఇచ్చినారు. ఒకప్పుడు ఈ రుమాళ్ళు సముద్రముదాటి అరబ్బు దేశములలో తలపాగలైనవి. బిరుదులకు లోటు లేదు. మగ్గముమీద కూర్చున్నవానికి దినము గడచుటకే లోటు. 2019-20 నాటి నాల్గవ అఖిల భారత చేనేత గణనలో 31 లక్షలకు పైగా కుటుంబములు తేలినవి. వానిలో సుమారు మూడింట రెండు పాళ్ళ కుటుంబముల నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోపుననే యున్నట్లు ఆ గణనయే చెప్పుచున్నది.

వాయిదాకు మరల పోయినప్పుడు ఆ దుకాణమునకు పోయి చీరెను యజమాని ముందు పెట్టితిని. వాదమునకు సిద్ధపడియే పోయితిని. ఆయన మర్యాదస్థుడు. చీరెను చూచి, “వకీలు సాబ్, మావాడు పోచంపల్లి డిజైనని చెప్పియుండును, పోచంపల్లి నేత యని చెప్పియుండడు,” అనెను. రసీదు చూచితిమి. దానిలో ‘చీరె ఒకటి’ అని తప్ప మరేమియు లేదు. సొమ్ము మారుమాటాడక గల్లానుండి తీసి యిచ్చెను. నేను లేవబోవుచుండగా మెల్లగా నిట్లనెను: “మీరు ధర ఆరుసార్లు అడిగినారని మావాడు చెప్పినాడు. నేసినది ఎవరని ఒక్కసారియైన అడిగినారా? అడిగినవారికి మేము అబద్ధము చెప్పము. అడుగువారే లేరు. అడుగనిదానికి అలమరలో చోటెట్లు పెట్టుదుము?”

ఆయన చెప్పినది సంపూర్ణముగా న్యాయమని నేననను. కొనువాడు అడుగకపోయినను అమ్మువాడు నిజము చెప్పవలెను. చట్టమును అట్లే యున్నది. కాని ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయినది. ఇప్పటికిని లేదు.

చట్టములు లేవా? మూడున్నవి. మొదటిది 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టము. మొదట 22 రకములను చేతిమగ్గమునకే ప్రత్యేకించి, పిదప వానిని 11కు తగ్గించినారు. నిర్ణీత లక్షణములు గల చీరెలు, ధోవతులు, తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పట్లు ఆ జాబితాలో కలవు. మరమగ్గముల యజమానులు దీనిని ప్రతిఘటింపగా 1993లో సుప్రీముకోర్టు ఈ చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. రెండవది 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము. పోచంపల్లి నేత 2005 నాటికే దీనిక్రింద నమోదైనది. పిదప గద్వాల, నారాయణపేట చీరెలకును, 2020లో పుట్టపాక తేలియా రుమాలునకును గుర్తింపు వచ్చినది. ఆ పేరును తప్పుగా వాడినవారికి ఆరు నెలలకు తక్కువ గాకుండ మూడేండ్లవరకు ఖైదును, 50,000 రూపాయలకు తక్కువ గాకుండ రెండు లక్షలవరకు జుల్మానాయును విధింపవచ్చును. మూడవది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. దానిప్రకారము సరకు స్వభావమును గూర్చి తప్పుడు భావము కలిగించుట అక్రమ వ్యాపారము. బిల్లు ఇయ్యకుండుట సైత మక్రమమే.

ఇన్ని చట్టములుండియు నా చీరె నా మూటలోని కెట్లు వచ్చినది? ‘డిజైను’ అను ఒక్క మాట చాటున వచ్చినది. ‘చీరె ఒకటి’ అను రసీదు చాటున వచ్చినది. ఫిర్యాదు చేయువాడు లేనిచోట చట్టము పెట్టెలోని పట్టుచీరె వంటిది. ఉన్నదని చెప్పుకొనుటకే గాని కట్టుకొనుటకు కాదు. నేతవాడు ఫిర్యాదు చేయలేడు. తన పేరు ఏ ఊరి ఏ దుకాణములో అమ్ముడగుచున్నదో వాని కెట్లు తెలియును? తెలిసినవాడు కొనువా డొక్కడే. వాడు తక్కువ ధరకు దొరకినదని ఊరకుండును. అనగా మోసములో మోసపోయినవాడే పాలివాడగుచున్నాడు. పొరపాటు తెలియకముందు నేనును అట్టివాడనే.

ఇచట నాకు రెండు ఆక్షేపణలు వినబడుచున్నవి. చేనేత బట్ట ఖరీదైనది, బీదవాడు మరమగ్గపు బట్ట కట్టక యేమి చేయుననునది మొదటిది. ఇది నిజము. అచ్చు బట్ట కట్టువారితో నాకు తగవు లేదు. కూలిపనికి పోవు పాలమూరు ఆడుబిడ్డ చౌక చీరె కట్టినంత మాత్రమున స్వదేశవ్రతము భంగము కాదు. మరమగ్గముల పనివారును మనవారే యనునది రెండవది. ఇదియు నిజమే. సిరిసిల్లలో మరమగ్గము నడుపువాడు మనవాడు. నల్లగొండ పల్లెలలో మగ్గము మూలబడగా షోలాపురమునకు, భీవండికి, సూరతునకు వలసపోయి అచట మరమగ్గముల చప్పుడులో చెవులు పోగొట్టుకొన్నవాడును మనవాడే. వాని శ్రమ న్యాయమైనది, వాని బట్ట మంచిది. ఆ బట్ట తన పేరుతోనే అమ్ముడుపోవలెనని నేను కోరుచున్నాను. మరమగ్గపు బట్టను మరమగ్గపు బట్టయని అమ్మినచో ఎవరికిని నష్టము లేదు. దానినే పోచంపల్లి యని అమ్మినప్పుడు ఇద్దరికి అన్యాయము జరుగును: ఒకరి పేరు పోవును, మరియొకరికి పేరే లేకపోవును.

1951 ఏప్రిలు 18వ తేదీన ఆచార్య వినోబాభావే అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరముల భూమి దానమిచ్చినది ఈ పోచంపల్లిలోనే. నాటినుండి ఆ ఊరు భూదాన పోచంపల్లి యైనది. భూమినే దానము చేసిన గ్రామము నేడు మనలను దానమేమియు అడుగుట లేదు. తన పేరు తనకు విడిచిపెట్టుమని మాత్ర మడుగుచున్నది.

ఈ పని అసాధ్యమా? స్కాట్లండు దేశపు పడమటి దీవులలో హారిస్ ట్వీడు అను ఉన్నిబట్టను దీవివాసులు తమ యిండ్లలోనే, కాలితో త్రొక్కు మగ్గములమీద నేతురు. ఆ బట్టకై 1993లో బ్రిటిషు పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. పరీక్షించి ముద్ర వేసినగాని ఆ బట్ట ఆ పేరుతో బజారు కెక్కదు. ముద్ర చట్టముదే కావచ్చును. దాని బలము మాత్రము కొనువారిది. ఆ ముద్ర కొరకు వెదకి, అది లేనిదానిని పక్కకు నెట్టు అలవాటు అచటి కొనువారికి కలదు. మనకును చేనేత ముద్ర 2006 నుండి కలదు. మనలో ఎంతమంది దాని రూపు గుర్తింపగలరు? ఉపన్యాసమిచ్చిన నేనును ఆ దినమున దానికై చూడనైతిని.

కావున మన పట్టణములలోని పఠనమందిరముల సభ్యులకును, వర్తక సంఘముల పెద్దలకును మూడు ప్రార్థనలు చేయుచున్నాను. మూడింటికిని ప్రభుత్వపు అనుమతి అక్కరలేదు, చందాలు అక్కరలేదు.

మొదటిది, ప్రతి పఠనమందిరమునను ఒక కొయ్యపలకమీద జానెడు జానెడు బట్టముక్కలు అతికింపుడు: అసలు పోచంపల్లి ముక్క, దాని ప్రక్కనే అచ్చుముక్క, అసలు గద్వాల అంచు, దాని ప్రక్కనే అనుకరణ. ముక్కలను ఒక్క అంచున మాత్రమే అతికించి, త్రిప్పి చూచుటకు వీలు కల్పింపుడు. పత్రిక చదువ వచ్చినవారు వ్రేళ్ళతో తాకి నేర్చుకొందురు. వెనుక త్రిప్పి చూచుటవలన అచ్చు బట్ట దొరకిపోవును గాని రంగునూలుతో మరమగ్గముమీదనే నేసిన నకలు దొరకదు. దానిని గుర్తించుటకు తెలిసినవారి సహాయము కావలెను. ఏడాది కొకసారి ఒక నేతగానిని పిలిచి గంటసేపు చెప్పించుకొనుడు. మాబోటివారి ఉపన్యాసములకంటె అది మేలు.

రెండవది, దుకాణదారులు చేనేతకును మరమగ్గపు బట్టకును వేరువేరు అలమరలు కేటాయించి, తెలుగులో పెద్ద అక్షరములతో పలకలు కట్టవలెను. ‘డిజైను’ అను మాట చెప్పదలచినవారు ‘మరమగ్గము’ అను మాటను దానికి ముందు చేర్చి చెప్పవలెను. ఇందువలన బేరములు తగ్గునని కొందరు భయపడుదురు. ఆ వృద్ధ గుమాస్తా గద్వాల అంచును గోటితో గీసి చూపినప్పుడు నేను బేరమాడకయే కొంటిని. నిజము చెప్పగలవాని యొద్ద కొనువాడు ధర గూర్చి జగడమాడడు. అద్దాల మేడలకును ఇంటివద్దకే మూటలు పంపు కంపెనీలకును లేనిది, పాత దుకాణమునకు మాత్రమే మిగిలినది ఆ నమ్మకమొక్కటియే. దానిని మూడవ వంతు ధరకు అమ్ముకొనరాదు.

మూడవది కొనువారిది. దుకాణములో కూర్చున్నప్పుడు ధర అడుగుటకు ముందే ఎక్కడ నేసినది, ఎట్లు నేసినది అని అడుగుడు. బట్టను వెనుక త్రిప్పి చూడుడు. రసీదుమీద ‘చేనేత’ అనియో ‘మరమగ్గము’ అనియో వ్రాయించుకొనుడు. ఈ ఒక్క మాటవలన ఆ చీటీ సాక్ష్యమగును. ఆ మాట లేని చీటీ చిత్తుకాగితము. వ్రాయుటకు సందేహించు దుకాణమున ఎందుకు సందేహించుచున్నారో అడుగనక్కరలేదు. చీరెను పరుపుమీదనే విడిచి మర్యాదగా లేచి రావచ్చును.

పెండ్లికి పోచంపల్లి చీరె దొరకినదా యని చదువరులు అడుగవచ్చును. దొరకినది. ఆ పెద్దమ్మ యింటిలోనే, మగ్గముమీద నుండి దిగిన చీరెను పూర్తి ధర కిచ్చి తెచ్చితిమి. బేరమాడలేదు. మేనకోడలు దానిని చేతిలోనికి తీసికొని మొదట చేసిన పని, కొంగు పట్టి వెనుకకు త్రిప్పి చూచుట. “ఎందుకమ్మా?” అంటిని. “మామయ్యా, మీ సంగతి అత్తయ్య చెప్పినది,” అనెను.

ఇంటిలో నా పరువు పోయినది. ఆ అలవాటు మాత్రము ఇంటిలో నిలిచినది. మన పట్టణములలో ఇంటింట నది నిలిచిననాడు ఆ దుకాణపు యజమాని ప్రశ్నకు జవాబు చెప్పినవారమగుదుము.